వాన కోసం వంగిన రాయి

జంగమకోటెలో పొద్దున ఆరున్నర. రాత్రంతా వాన పడి ఇప్పుడే తెరిపిచ్చింది. మల్బరీ తోటల మీంచి పచ్చి ఆకు వాసన వీధిలోకి వస్తోంది. కన్నడ బోర్డుల కింద నిలబడి ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటున్నారు. "నిన్న రేటెంత పోయిందన్నా?" "గూడు గట్టిగుంటే బాగానే పోతాది. వానకు మెత్తబడితే ఏం చేసేది?" శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టు గురించి వాళ్ళ దిగులు. మీరు వాళ్ళను దాటి నాలుగిళ్ళు నడిస్తే ఒక గోడకు ఆనించిన చంద్రికలు కనిపిస్తాయి. పట్టుపురుగులు గూడు కట్టుకోవడానికి చేసిన వెదురు చాపలవి.

దగ్గరికెళ్ళి ఒకదాన్ని పట్టి చూడండి. చాప మీద సన్నటి వెదురు పట్టీని సుళ్ళు సుళ్ళుగా తిప్పి కట్టారు. వేలితో నొక్కితే కాస్త లొంగి, వదలగానే మళ్ళీ తన వంపులోకి వచ్చేస్తుంది. వెదురులో పీచు పొడుగునా ఒకే దిక్కున ఉంటుంది. పలచగా చీలిస్తే చాలు, విరగకుండా ఎటంటే అటు తిరుగుతుంది. ప్లాస్టిక్ చంద్రికలు వచ్చాక ఇవి తగ్గిపోతున్నాయి, చేతిలో పట్టుకుని చూసే అవకాశం ఉన్నప్పుడే చూసుకోవాలి. ఎందుకంటే ఈ పొద్దు మనం చూడబోయే బరువైన రాతి వంపులన్నిటికీ మూలం ఈ తేలికపాటి పట్టీలోనే ఉంది.

ఊరి చివర పశువుల కొట్టం ఒకటి ఉంది. పైన గడ్డి. ముందుకు దిగిన చూరు కింద తల వంచి నిలబడండి. వాసాలు గోడ దాటి మూరెడు బయటికి వచ్చాయి. వాటి మీద అడ్డంగా వెదురు దబ్బలు, దబ్బల మీద గడ్డి కట్టలు. వాసం ఆగినచోట గడ్డి ఆగదు. ఆధారం లేని ఆ కొస తన బరువుకు తానే కిందికి వాలి గుండ్రంగా తిరిగింది. అలా తిప్పాలని ఎవరూ అనుకోలేదు. కానీ రాత్రి వాన ఆ వాలు వెంట జారి, గడ్డి పోచల చివర్ల నుంచి బొట్టుబొట్టుగా గోడకు దూరంగా పడింది. నేల మీద ఆ బొట్లు తవ్విన చిన్న గాడి ఉంది చూడండి. గాడికీ గోడకూ మధ్య మట్టి పొడిగా ఉంది. గోడ మట్టిదే. అయినా నిలిచింది.

ఆ పొడి పట్టీని గుర్తుపెట్టుకుని బయల్దేరండి. శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్ళాపురం, అక్కణ్ణించి నంది. దారి పొడుగునా ద్రాక్ష పందిళ్ళు, గులాబీ తోటలు, పొలాల చుట్టూ నిలబెట్టిన రాతి కూసాలు. కలపకు కరువున్న ఈ సీమలో రాయికి కొదవ లేదు. కంచెకు, ద్వారబంధానికి, పాత ఇళ్ళయితే కప్పుకు కూడా బండే.

నంది ఊళ్ళో దిగుతారు. కొండ మీది సూర్యోదయం చూసి దిగివచ్చే కార్లు ఆగకుండా బెంగళూరు వైపు పోతుంటాయి. వాళ్ళలో సగం మందైనా ఇక్కడ అరగంట ఆగితే బాగుండునని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది. కొండ పాదం దగ్గర భోగనందీశ్వరుడి గుడి ఉంది. చెప్పులు విడిచి గడప దాటగానే తడిసిన రాతి నేల అరికాలికి చల్లగా తగులుతుంది. లోపలి ప్రాకారంలో రెండు పెద్ద గుళ్ళు పక్కపక్కన నిలబడి ఉన్నాయి. దక్షిణాన అరుణాచలేశ్వరుడు, ఉత్తరాన భోగనందీశ్వరుడు. రాష్ట్రకూట మూడో గోవిందుడి కాలానికి, అంటే 806 ప్రాంతానికే శాసనాలు ఈ చోటును చెబుతున్నాయి. నొళంబులు, బాణులు, గంగులు, చోళులు, హొయసళులు, విజయనగర రాజులు, చివరికి యలహంక గౌడలు, ఇంతమంది చేతులు పడ్డ గుడి ఇది.

అరుణాచలేశ్వరుడి గుడి దక్షిణపు గోడ ముందుకు రండి. రాతిని జల్లెడలా తొలిచిన కిటికీలో శివుడు నాట్యం చేస్తున్నాడు. చూసేవాళ్ళ చూపు ఇక్కడే ఆగిపోతుంది, ఫోటో తీసుకుని ముందుకు నడుస్తారు. మీరు మాత్రం తల ఇంకొంచెం ఎత్తండి. గోడ ముగిసినచోట, కప్పు మొదలయ్యే ముందు, గుడి చుట్టూ ఒక మందపాటి రాతి చూరు తిరిగి వచ్చింది. శిల్పులు దాన్ని కపోతం అంటారు. గోడ మీంచి బయటికి వచ్చి, ఉబ్బుగా గుండ్రం తిరిగి, కిందికి వాలి, సన్నటి పెదవి దగ్గర ఆగింది. వానలో గొంగళి కొప్పెర వేసుకుని నిలబడ్డ గొర్రెలకాపరి భుజాల వాలు అచ్చం ఇదే.

ఇప్పుడు కాస్త ఓపిగ్గా చూడండి. రాత్రి నీళ్ళు ఇంకా పైనుంచి ఊరుతున్నాయి. ఒక చుక్క ఉబ్బు మీద నెమ్మదిగా మొదలై, వాలు పెరిగేకొద్దీ వేగం అందుకుని, పెదవి దగ్గర ఒక్క క్షణం వేలాడి రాలిపోయింది. గోడ వైపు తిరగలేదు. తిరగడానికి దానికి దారి లేదు, పెదవి అడుగున రాయి ఒక్కసారిగా లోపలికి తెగిపోయింది మరి. కొట్టం దగ్గర గడ్డిపోచ చేసిన పని ఇక్కడ గ్రానైటు చేస్తోంది. ఆ చూరు కింద కిటికీలో నటరాజు వెయ్యేళ్ళకు పైగా నిలిచి ఉన్నాడు.

మయమతం వంటి శిల్పశాస్త్రాలు గుడికి ఆరు అంగాలు చెబుతాయి. అధిష్ఠానం, పాదం, ప్రస్తరం, గ్రీవం, శిఖరం, స్తూపి. కపోతం ఇందులో మూడోదైన ప్రస్తరంలో భాగం. ఈ పేర్లు తెలియకపోయినా గుడిని ఆనందించవచ్చు. కానీ తెలిస్తే ఒక సంగతి బయటపడుతుంది. పీఠంలోని కుముదం దగ్గర్నుంచి పైనున్న శిఖరం దాకా, నిటారు గోడ ఆగిన ప్రతిచోటా ఒక వంపు ఉంది. నీరు నిలిచే అవకాశం ఎక్కడ వచ్చినా అక్కడ రాయిని గుండ్రం తిప్పారు.

కపోతం మీద అక్కడక్కడ గుర్రపు లాడం ఆకారంలో చిన్న చిన్న తోరణాలు పొడుచుకొచ్చి ఉన్నాయి. వీటిని కూడులని, నాసికలని అంటారు. పూలమాల మధ్యలో బిళ్ళల్లా అందం కోసం పెట్టారనిపిస్తుంది. నిజానికి ఒక్కొక్కటీ ఒక ఇంటి ముఖం. వెదురును విల్లులా వంచి, దాని మీద గడ్డి కప్పిన పొడుగాటి పాకను ఎదురుగా నిలబడి చూస్తే ముందువైపు ఈ ఆకారమే కనిపిస్తుంది. ఆ పాకలు ఎప్పుడో నేలలో కలిసిపోయాయి. వాటి ముఖాలు మాత్రం రాతిలో ఉండిపోయాయి. బీహారులో బరాబర్ కొండల మీది లోమశ ఋషి గుహ ద్వారం క్రీస్తుపూర్వం మూడో శతాబ్దపు మౌర్యుల కాలం నాటిది. అందులో కర్ర దూలాల కొసలతో సహా ఆ వంపు ముఖాన్ని రాతిలో దించారు. మన ఏలూరు జిల్లా గుంటుపల్లిలో కొండను తొలిచిన గుండ్రటి చైత్యానికి లోపలి కప్పంతా కర్ర వాసాల్లాంటి రాతి పక్కటెముకలే. రాతికి వాసాలతో పని లేదు. పెట్టకుండా ఉండలేకపోయారు. పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయానికి వెళితే ఆ పాక ఆకారం ఇటుకల్లో మొత్తంగా నిలిచి ఉంది. వెనక ఏనుగు వీపులా గుండ్రం, ముందు లాడం ముఖం. నందిలో కపోతం మీద జానెడంత కూడుగా కనిపించేది అక్కడ నిలువెత్తు గుడి ముఖం.

ఈ వంపు రాతిలోకి రావడం తేలికైన పని కాదు. ఈ జిల్లాలో బండ కొట్టేవాళ్ళను ఎవరినైనా చూడండి. రాయి మీద వరసగా చిన్న గుంటలు కొట్టి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టి, సమ్మెటతో ఒక్కొక్కదాన్నీ సమంగా మోదుతూ పోతారు. చప్పుడు మారుతుంది. ఇంకో నాలుగు దెబ్బలకు బండ నిలువునా చీలి రెండవుతుంది, చీలిన ముఖం పలకలా చదునుగా ఉంటుంది. గ్రానైటు స్వభావమే అది, చదునుగా చీలుతుంది. వంపుగా చీలమంటే చీలదు. కాబట్టి కపోతం కావాలంటే ముందు మందపాటి దిమ్మ తీసి, అక్కర్లేని రాయినంతా ఉలితో గింజగింజగా రాల్చాలి. మీ తల మీదున్న ఈ చూరు ఒక్కో మూర వెనక ఎంత రాయి పొడి అయిపోయి ఉంటుందో తలచుకోండి.

ఆ రాల్చడంలోనే ఇంకో తెలివి ఉంది. గోడ దగ్గర మందం, కొస దగ్గర సన్నం. బరువంతా గోడ వైపే ఉండిపోతుంది. బయటికి వచ్చిన రాయిలో బరువు తక్కువ, లోపలున్న తోక మీద పైకట్టు బరువు. అందుకే కింద ఏ స్తంభమూ లేకుండా చూరు గాలిలో నిలిచింది. అదే రాయిని పలకలా ఒకే మందంతో బయటికి పెట్టి ఉంటే విరిగే ప్రమాదం ఎక్కువుండేది. వాన కోసం వచ్చిన వంపు బరువు లెక్క కూడా తీర్చింది.

ఇక రెండు గుళ్ళ మధ్యకు నడవండి. ఇక్కడ నల్లగా నిగనిగలాడే స్తంభాల కల్యాణ మండపం, దాని వెనక ఉమామహేశ్వరుడి చిన్న గుడి ఉన్నాయి. స్తంభాల మీది లతలూ పక్షులూ చూస్తూ ఎంతసేపైనా గడపవచ్చు. అయితే దాని పక్క గోడను వదలకండి. రెండు పాత గుళ్ళనూ కలుపుతూ కొన్ని వందల ఏళ్ళ తర్వాత కట్టిన గోడ అది. ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేనట్టు కట్టారు. ముందువాళ్ళ చేతిని చదివి, తమ ముద్ర ఎక్కడా పడకుండా తమ చేతిని దానికి అప్పగించిన ఆ పనివాళ్ళంటే నాకు అపారమైన గౌరవం.

చిక్కబళ్ళాపురం తిరిగి వచ్చి ఒక వడ్రంగి దుకాణంలోకి అడుగు పెడదాం. టేకు పొట్టు వాసన, రంపం యంత్రం రొద. ఎవరో పెళ్ళికని చెప్పిన అద్దాల బల్ల తయారవుతోంది, దాని ముందు భాగం విల్లులా బయటికి ఉబ్బి ఉంది. "ముందర గుండ్రంగా కావాలన్నారు సార్, ఫోన్లో బొమ్మ చూపించినారు" అంటాడు చిత్రిక పడుతున్న మనిషి. ఉబ్బిన సొరుగు ముఖాన్ని లాగి చూడండి, తేలిగ్గా వస్తుంది. వెనక్కి తిప్పి చూస్తే రంపపు గాట్లు వరసగా కనిపిస్తాయి. చెక్కను వెనక నుంచి సగానికి పైగా కోసి, ఆ గాట్లు మూసుకునేలా వంచి, జిగురు పోసి, పైన పలచటి వెనీర్ అతికించాడు.

కర్రతో వంపు చేయడానికి ఉన్న దారుల్లో ఇది ఒకటి. మందపాటి దుంగ నుంచి వంపును నేరుగా కోసుకోవచ్చు. కానీ అలా కోస్తే పీచు మధ్యలో తెగిపోయి, తెగినచోట చెక్క పుటుక్కున విరుగుతుంది. అందుకే ఎద్దుల బండి చక్రం చుట్టును ఒకే చెక్కలో కోయరు. పీచు ఎక్కడా ఎక్కువ తెగకుండా చిన్న చిన్న వంపు ముక్కలు చేసి జోడిస్తారు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో పాము నడకలా మెలితిరిగిన సొరుగు ముఖాలు చేసినవాళ్ళు కూడా చిన్న ముక్కలను ఇటుకల్లా అతుకు మీద అతుకు పడకుండా పేర్చి, వంపు చెక్కి, పైన ఖరీదైన కలప పొర వేసేవారు. లండన్ వడ్రంగి థామస్ చిప్పెండేల్ 1754లో అచ్చువేసిన నమూనాల పుస్తకంలో అలాంటి ముఖాలు ఉన్నాయి. ఆవిరితో మెత్తబరిచి వంచడం ఇంకో దారి. మైకేల్ థోనెట్ 1859లో బీచ్ కర్రను అలా వంచి చేసిన 14వ నంబరు కుర్చీ ప్రపంచమంతా తిరిగింది. దారి ఏదైనా కర్రతో పనిచేసేవాడు పీచును బతిమాలుకోవాలి. రాతితో పనిచేసేవాడు ఉన్నదాన్ని తీసేయాలి. పొద్దున చంద్రికలో వెదురు అడక్కుండానే ఇచ్చిన వంపు కోసం మిగతా ఇద్దరూ ఇంత కష్టపడాలి.

ఆ అద్దాల బల్ల ముందు నిలబడ్డప్పుడు ఇంకో తేడా తడుతుంది. బల్ల ఎడమ నుంచి కుడికి వంగింది. నంది చూరు పై నుంచి కిందికి వంగింది. ఐరోపా వాళ్ళ పేరుపొందిన వంపు ముఖాలు చాలావరకు మొదటి రకం. రోములో బొరొమీని 1665లో మొదలుపెట్టిన సాన్ కార్లో చర్చి ముఖం అలలా లోపలికీ బయటికీ ఊగుతుంది. ఇంగ్లండులో బాత్ నగరంలో 1767లో మొదలైన రాయల్ క్రెసెంట్‌లో ముప్పై ఇళ్ళు నెలవంకలా నిలబడతాయి. అవి దారినపోయే మనిషి కంటికోసం తిరిగిన వంపులు. మన చూరు ఆకాశం వైపు చూస్తూ వంగింది. ఏడాదిలో కొన్ని వారాలే పడినా పడ్డప్పుడు కుండపోతగా పడే వాన దాని ఎదుటి మనిషి. రెంటిలో ఏది గొప్పదని అడిగితే నా మొగ్గు రెండోదానికే. కంటికి నచ్చడం దానికీ తెలుసు, దాంతోపాటు ఇంకో పనీ చేస్తుంది.

మధ్యాహ్నం హైదరాబాదు రోడ్డెక్కండి. పేరేసంద్ర, బాగేపల్లి దాటి, కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలోకి వచ్చి లేపాక్షి వైపు తిరగండి. రోడ్డు పక్కన ఒకే రాతిలో చెక్కిన పెద్ద బసవన్న కూర్చుని ఉంటాడు. అక్కణ్ణించి కూర్మశైలం మీది వీరభద్రాలయం కొద్ది దూరమే. అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని ఏలిన 1529–1542 మధ్య కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు దీన్ని పెంచి కట్టించారు. అందరూ వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటారు. మీరు నాట్యమండపం బయటికి వచ్చి చూరు కింద నిలబడండి.

నందికీ దీనికీ నడుమ ఏడు వందల ఏళ్ళ దూరం ఉంది. నందిలో వంపు ఒక్కటే, ఉబ్బి వాలుతుంది. ఇక్కడ రెండు వంపులు. పైన ఉబ్బుగా మొదలై నిటారుగా జారి, కొసకు వచ్చేసరికి లోపలికి కుంగి మళ్ళీ బయటికి సాగుతుంది. చూరు చాలా దూరం ముందుకు వచ్చింది, కింద నీడ ఎంత వెడల్పుగా పడిందో చూడండి. పైన నిటారు, కొసన చదును. జోరుగా దిగిన నీళ్ళు ఆ చదును మీద దిక్కు మార్చుకుని గోడకు, స్తంభాలకు దూరంగా దూకుతాయి. లోపల మండపం కప్పు మీద విజయనగరపు రంగుల బొమ్మలు ఉన్నాయి, వాటికి తడి తగిలితే ఏమవుతుందో కట్టినవాళ్ళకు తెలుసు. హంపీ విఠలాలయంలో ఇలాంటి చూరు అడుగున తల పెట్టి చూస్తే వాసాలు, దబ్బలు, అన్నీ రాతిలో చెక్కి ఉంటాయి. కర్ర చూరు వదిలి అన్ని శతాబ్దాలైనా దాన్ని మరిచిపోవడానికి శిల్పికి మనసు రాలేదు.

ఆ పక్కనే కప్పు పడని కల్యాణ మండపం ఉంది. పని మధ్యలో ఆగిపోయింది. స్తంభాలు ఆకాశం కింద వరసగా నిలబడి, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉన్నాయి. చూరున్న మండపాన్ని, చూరు లేని మండపాన్ని ఒకే ఆవరణలో పక్కపక్కన చూడగలిగే అదృష్టం లేపాక్షిలో ఉంది. రెంటి మధ్యా రెండుసార్లు నడవండి. మొదటిదాంట్లోకి రాగానే ఒళ్ళు చల్లబడుతుంది, వెలుతురు మెత్తబడుతుంది.

తిరుగు దారిలో బాగేపల్లిలో టీకి ఆగుతారు. ఎదురుగా కొత్త మేడ. కిటికీల మీద కాంక్రీటు సజ్జలు, నాలుగంగుళాల మందం, పలకలా చదును. ప్రతి సజ్జ కిందా గోడ మీద పచ్చటి చార నాలికలా దిగింది. అక్కడే సిమెంటు కలుపుతున్న పెద్దమనిషిని అడగండి.

"మేస్త్రీ, సజ్జ ఉన్నా గోడ ఎందుకు తడుస్తాండాది?"

"గాలివాన గదా సామీ, లోపలికి కొడతాది."

"గాలి లేని వానకు?"

ఆయన పైకి చూస్తాడు. "అంచు నుంచి అడుగు పట్టుకుని గోడకొస్తాది నీళ్ళు. మా నాయన కాలంలో కొసన అంచు దించి గాడి తీసేవాళ్ళు. ఇప్పుడు అడిగేవాళ్ళెవరు?"

ఆయన చెప్పింది నిజం. చదునైన సజ్జ అడుగున నీళ్ళు రాలవు, అంటుకుని వెనక్కి పాకుతాయి. అడ్డుగా ఒక అంచో గాడో ఉంటేనే తెగి కింద పడతాయి. విచారించాల్సింది ఇంకోటుంది. ఇదే వీధిలో కొత్తగా కట్టిన గుడికి సిమెంటుతో కపోతం పోశారు, రంగులు వేశారు, కూడులు కూడా అతికించారు. చూడ్డానికి వంపు ఉంది. కింద పెదవి దగ్గర తెగాల్సిన అంచును మాత్రం గుండ్రంగా మెత్తి లోపలికి తిప్పేశారు. అందుకే కొత్త రంగు మీద కూడా చారలు దిగాయి. ఆకారం మిగిలి పని పోవడమంటే ఇదే, ఈ జిల్లాలో ఎక్కడ చూసినా ఇదే జరుగుతోంది. సరిచేసుకోవడానికి శిల్పశాస్త్రం చదవక్కర్లేదు.

ఇల్లు కట్టే ఆలోచనలో ఉన్నవాళ్ళకు నా మనవి ఇది. సెంట్రింగ్ బిగించేటప్పుడే సజ్జ పైభాగానికి బయటి వైపు వాలు పెట్టించండి, గోడ దగ్గర మందం, కొసన సన్నం. అడుగున అంచుకు రెండంగుళాలు లోపలగా ఈ కొస నుంచి ఆ కొసకు వేలు పట్టేంత గాడి తీయించండి. అయ్యే ఖర్చు అచ్చులో ఒక సన్న పైపు ముక్క పెట్టినంత. కాంక్రీటు పడ్డాక ఆ గాడి తీయడం కష్టం. కాబట్టి మేస్త్రీకి ముందే చెప్పండి, ఆయనకు నమ్మకం కలగకపోతే ఒక వానాకాలపు పొద్దున నందికి పిలుచుకుపోయి అరుణాచలేశ్వరుడి దక్షిణపు గోడ చూపించండి.